సొంత వాకిట్లో పిలుపు

క్లెర్సీనా గురించి మంచి చెప్పడానికి నాకు నోరు రాదు. అలాగని ఎవరైనా చెడ్డగా మాట్లాడితే ఊరుకోను. ఆమెను తిట్టే హక్కు ఈ హైతీ మొత్తంలో నా ఒక్కదానిదే.

మాదంతా ఒకే వాకిలి. ఆర్టిబొనీట్ నది వరిచేల పక్కన, ముళ్ళకంచె లోపల నాలుగైదు మట్టి ఇళ్ళు, మధ్యలో ఒక రోలు, అందరికీ కలిపి ఒకటే గేటు. పొద్దున్నే ఆమె ఒక రోకలీ నేనొక రోకలీ పట్టుకుని ఒకే రోట్లో వడ్లు దంచేవాళ్ళం. మాటలూ అలాగే సాగేవి.

"నీ మొగుడు నిన్న పందెంలో..." అనేది.

"కోడి పోయింది. అందుకే ఇవాళ ఆ మొహం," అనేదాన్ని.

ఒక్క వాక్యమైనా చివరిదాకా చెప్పడం ఆమెకు రాదు. సగం తను అని వదిలేస్తుంది, మిగతా సగం నేను అందుకోవాలి. నా మొగుడు దోర్విల్‌కి అది చూస్తే నవ్వు. "మీ ఇద్దరికీ కలిపి ఒకటే నాలిక," అనేవాడు.

పరాయివాళ్ళు ఎవరొచ్చినా గేటు బయట నిలబడి "గౌరవం" అని పిలవాలి. లోపలినుంచి "మర్యాద" అని జవాబు వస్తేనే అడుగు పెట్టాలి. రాకపోతే వెనక్కి పోవాలి. సొంత వాకిటివాళ్ళకు ఈ పిలుపు లేదు. దోర్విల్ పాడుకుంటూ వచ్చేవాడు, తాగిన రోజు తిట్టుకుంటూ వచ్చేవాడు.

ఆ ఏడు కాలవ నీళ్ళ దగ్గర గొడవైంది. క్లెర్సీనా తమ్ముడు ఎక్సీలూస్ పారతో, మా ఊళ్ళ మీద సర్కారు పెట్టిన ఛీఫ్ అల్లుడి చెయ్యి విరగ్గొట్టాడు. విరగ్గొట్టి అక్క ఇంట్లో వడ్లబస్తాల వెనక దాక్కున్నాడు. ఛీఫ్ ఊరుకుంటాడా? సర్కారు తుపాకులిచ్చి జనం మీదికి వదిలిన నల్లకళ్ళద్దాలవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు తీసుకుపోయిన మనిషి తిరిగిరావడం మేమెవరమూ చూడలేదు.

మిట్టమధ్యాహ్నం, ఇద్దరం రోటి దగ్గరున్నాం. గేటు అవతలినుంచి "గౌరవం" అని వినిపించింది. దోర్విల్ గొంతు. నాకు నవ్వొచ్చింది. సొంత వాకిట్లో పిలుపేమిటయ్యా అనబోయాను. సగం మాట నోట్లో ఉండగానే క్లెర్సీనా రోకలి నా పాదం మీద పడింది. పడలేదు, వేసింది.

"మర్యాద, దోర్విల్ గారూ," అంది, ఎప్పుడూ లేనంత గట్టిగా. "దూరంనుంచి వచ్చినట్టున్నారు. ఎండలో నిలబడకండి, గేటు తీస్తున్నా."

గారు ఏమిటి, దూరం ఏమిటి? అప్పుడు తెలిసింది, గేటు బయట దోర్విల్ ఒక్కడే లేడని. క్లెర్సీనా ఇంటి వెనక కంచె చిటపటలాడింది. ఎక్సీలూస్‌కీ అర్థమైంది.

క్లెర్సీనా గడియ తీయడానికి ఎంత ఆలస్యం చేయాలో అంతా చేసింది. తీయగానే నల్లకళ్ళద్దాలవాళ్ళు దోర్విల్‌ను వెనకనుంచి తన్ని లోపలికి తోశారు. వాళ్ళకు కాలవగట్టు మీద దొరికాడట. క్లెర్సీనా ఇల్లు చూపించమంటే చూపించాడు. తనదీ అదే వాకిలని మాత్రం చెప్పలేదు. వాళ్ళు బస్తాలు చీల్చారు, తలుపులు పగలగొట్టారు. మనిషి లేడు.

అంతా చెడగొట్టింది కుక్క. పరిగెత్తుకొచ్చి దోర్విల్ కాళ్ళు నాకడం మొదలెట్టింది.

వాళ్ళ నాయకుడు కళ్ళద్దాలు తీశాడు. "నిన్ను చూసి ఇది మొరగలేదేం?" అన్నాడు. "మా అమ్మదీ ఇలాంటి వాకిలే. సొంతింటికి ఎవడ్రా గౌరవం అని పిలిచేది?"

దుడ్డుకర్రలతో మొదలుపెట్టారు. మోకాళ్ళ మీద, వెన్ను మీద, నోటి మీద. నేను రోకలెత్తి ఒకడి భుజం మీద వేశాను. వాడు తుపాకీ మడమతో నా పళ్ళు రాలగొట్టాడు. మట్టిలో పడి చూస్తున్నాను.

నాయకుడు క్లెర్సీనా గడ్డం పట్టుకున్నాడు. "నీ తమ్ముడు ఎటు పోయాడో చెప్పమ్మా. వీణ్ణి వదిలేస్తా."

ఆమె నోరు తెరిచింది. దోర్విల్ ఆమె వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది. నా మొగుడి తలను మా రోటికేసి కొట్టారు, ఊపిరి ఆగిందాకా కొట్టారు. పోతూ కుక్కను కూడా కాల్చేశారు.

దోర్విల్‌ను పూడ్చి వచ్చిన రోజే క్లెర్సీనాను జుట్టు పట్టుకుని వాకిలంతా ఈడ్చాను. పిడిగుద్దులు గుద్దాను. అది చెయ్యి అడ్డం పెట్టలేదు. అదే నాకు ఇంకా మండింది. "నీ తమ్ముడి కోసం నా మొగుణ్ణి చంపించావు. నా గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా," అన్నాను.

మర్నాడు పొద్దున నా గుమ్మం ముందు నిలబడి "గౌరవం" అని పిలిచింది. తన గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య రోలొక్కటే అడ్డం. పరాయిదానిలా పిలిచింది. నేను పలకలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ మర్నాడు వచ్చింది. మీద వేడి గంజి కొట్టాను. ఆమె చెయ్యి బొబ్బలెక్కింది, అయినా వచ్చింది. వానల్లో వచ్చింది, జ్వరంతో వచ్చింది. జవాబు లేకుండా ఒక్క అడుగు ముందుకు వేయలేదు. ఎక్సీలూస్ సరిహద్దు దాటి ఎక్కడో చెరకు నరుకుతున్నాడని ఊళ్ళో అనుకున్నారు. వాడి పేరు ఆమె నా ముందు ఎత్తలేదు.

కోతలయ్యాక ఒక పొద్దున నేనొక్కదాన్నే దంచుతున్నాను. ఒంటి రోకలికి చప్పుడు కుదరదు. వెనకనుంచి పిలుపు వినబడింది.

"గౌరవం."

మర్యాద అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మధ్యాహ్నం నోట్లోనే ఉండిపోయిన మాట వచ్చింది.

"సొంత వాకిట్లో పిలుపేమిటే?" అన్నాను. "రోకలి తీసుకో."

తీసుకుంది. నాలుగు పోట్లు పడ్డాక అంది, "ఆ రోజు దోర్విల్ నన్ను చూసి..."

"వద్దన్నాడు," అన్నాను. "నేనూ చూశాను. దంచు."