స్వెతోలిక్‌కి వెళ్ళిన ఆహ్వానం

"పిలిచారా? మా కూమ్ స్వెతోలిక్‌ని పిలిచారా మీరు?"

"నేనెక్కడ పిలిచానండీ! మెయిల్ పెట్టింది మీరేగా?"

"నేను పెట్టింది తిట్టు! మీరు పంపింది శుభలేఖ!"

"రాతోమీర్ గారూ, కాస్త గొంతు తగ్గించండి. మర్యాదగా రాసినందుకు ఇంత గోల చేసేవారిని మిమ్మల్నే చూశాను."

"మర్యాదా? ఇరవై ఏడేళ్ళుగా నా బల్ల దగ్గర తింటున్నవాడికి 'తమరు ఎంతమంది విచ్చేస్తారో గురువారంలోగా తెలియజేయగలరు' అని రాయడమా మర్యాద? లెక్కపెట్టడానికి వాడేమైనా గొర్రెల మందా?"

వుకాషిన్ రెండు కాఫీ కప్పులు పట్టుకుని వరండాలో నిలబడిపోయాడు. తలుపు ఓరగా ఉంది, లోపల రాతోమీర్, యెలిసావెత. లోపలికి వెళ్తే తనూ ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ఏమన్నా సిగ్గుచేటే, ఎందుకంటే ఈ దరిద్రంలో తన చెయ్యీ ఉంది.

క్రుషెవాత్స్ ఊళ్ళో పొయ్యిలూ బాయిలర్లూ పోతపోసే ఫ్యాక్టరీ అది. రాతోమీర్ అక్కడ ఉత్తరాల గుమాస్తా. ఇరవై రెండో ఏట పోతకొలిమి దగ్గర పనికి చేరాడు. ఎవరో ఆయన చేతిరాత చూసి, "నువ్వు మసిలో ఎందుకురా" అంటూ పైకి తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టారు. అప్పటినుంచి దేశంలో ఏ మూల పొయ్యి పొగచిమ్మినా, ఎవరి వంటింట్లో బాయిలర్ కారినా, జవాబు రాసింది ఆయనే. రెండు వేళ్ళతో టైపు కొట్టేవాడు. మూడు వాక్యాలు దాటేవాడు కాదు.

తొంభైలలో, యుద్ధమూ ఆంక్షలూ నడిచిన రోజుల్లో, ఫ్యాక్టరీలో ఇనుము లేదు, విడిభాగాలు లేవు, జీతాలు కూడా లేవు. పొయ్యిలో కట్టెలు నిలిపే ఇనుప జల్లెడ విరిగిందని లెస్కోవాత్స్ నుంచి ఒక విధవరాలు రాసింది. ఆయన జవాబు ఇదీ: "జల్లెడ లేదమ్మా. ఎప్పుడొస్తుందో అబద్ధం చెప్పను. అందాకా రెండిటుకలు నిలువుగా పెట్టి వాటిమీద కట్టెలు పేర్చు, బొగ్గు వెయ్యకు." ఆ శరదృతువులో ఆవిడ బస్సు డ్రైవరు చేత ఒక సీసాడు కాల్చిన మిరపకాయల పచ్చడి పంపింది. ఇప్పటికీ కొందరు ఆయన ఉత్తరాలను పొయ్యి గ్యారంటీ కాగితంతోపాటు దాచుకుంటారు. పొయ్యి బాగుపడటానికి ఆ ఉత్తరం చాలని వాళ్ళ నమ్మకం. చాలాసార్లు నిజంగానే సరిపోయేది.

ఈ వసంతంలో ఫ్యాక్టరీ కొత్త యజమానులు మెయిల్‌కి ఒక రాతయంత్రాన్ని తగిలించారు. ఎవరేం టైపు చేసినా అది మధ్యలో అందుకుని, కడిగి, ఇస్త్రీ చేసి, అత్తరు పూసి బయటికి పంపుతుంది. దానికి భాష నేర్పాలన్నారు. రాతోమీర్ ముప్ఫై అయిదేళ్ళ ఉత్తరాలను పెట్టెల్లోంచి తీసి, స్కాన్ చేసి, దాని నోట్లో కుక్కింది వుకాషినే. నీష్‌లో ఇంజనీరింగు మూడో ఏట వదిలేసి ఈ ఆఫీసులో పడ్డ మనిషి అతను. ఇన్ని ఉత్తరాలు మింగితే ఆ యంత్రం రాతోమీర్‌లా మాట్లాడుతుందని వెర్రిగా ఆశపడ్డాడు. అది అన్నీ మింగి పానకం కక్కింది.

ఎండాకాలం పోయే రోజుల్లో ఒకావిడ పొయ్యి పొగచిమ్ముతోందని రాసింది. ఆవిడా యంత్రం చేతనే రాయించింది: నాలుగు పేరాలు, మొదటి దాంట్లో తమరు క్షేమమని తలుస్తానంటుంది, చివరి దాంట్లో ముందస్తు కృతజ్ఞతలు చెబుతుంది. ఇక్కడి యంత్రం అయిదు పేరాల్లో జవాబిచ్చింది. మీ అసౌకర్యాన్ని లోతుగా అర్థం చేసుకున్నామంది, మీ నమ్మకమే మా ఆస్తి అంది. పొగగొట్టంలో మసి దులపమని మాత్రం ఎక్కడా అనలేదు. అంతపొడుగు చదవలేక ఆవిడ యంత్రం దాన్ని ఒక ముక్కలోకి కుదించి ఉంటుంది: కంపెనీ విచారం వ్యక్తం చేసింది. రెండు యంత్రాలు ఒకదాని వీపు ఒకటి నిమురుకుంటుంటే మధ్యన ఒక ఆడమనిషి కళ్ళు మండుతూ దగ్గుతోంది. వుకాషిన్‌కి అది చదివితే ఎవరో నమిలి ఊసిన మిఠాయి నోట్లో పెట్టుకున్నట్టనిపించింది.

రాతోమీర్ వాటిని భరించాడు. పింఛనుకి ఏడాదిన్నరే ఉంది. ఇప్పుడు మాత్రం అది ఆయన ఇంట్లోకే దూరింది.

ఆదివారం ఆయన ఇంటి స్లావ, వాళ్ళ ఇంటి పునీతుడైన జార్జి పేరున చేసే పండగ. స్లావకి ఎవర్నీ పిలవరు. మొదటిసారి ఒక్కసారి పిలుస్తారు, అంతే. ఆ తర్వాత ఆ మనిషి చచ్చేదాకా తనంతట తనే వస్తాడు. మళ్ళీ పిలవడమంటే, నిన్నటిదాకా నువ్వు మాకేమీ కావని మొహాన చెప్పడమే. స్వెతోలిక్ అయితే కూమ్ కూడాను. రాతోమీర్, స్తామెనల పెళ్ళికి సాక్షిగా నిలబడినవాడు, పిల్లలిద్దరికీ బాప్తిస్మంలో పేరుపెట్టినవాడు. తోడబుట్టినవాడితో తగువొస్తే కోర్టుకెళ్తారు. కూమ్‌తో తెగితే ఊళ్ళో తలెత్తుకోలేరు.

స్వెతోలిక్ కూడా ఇదే ఫ్యాక్టరీలో పొయ్యిలు బిగించేవాడు. రిటైరై అలెక్సాండ్రొవాత్స్‌లో తన ద్రాక్షతోట చూసుకుంటున్నాడు. ఇద్దరికీ వారానికో మెయిల్. ప్రతిదీ తిట్టుతో మొదలై తిట్టుతో ముగిసేది. మొన్న సోమవారం రాతోమీర్ ఎప్పటిలా తన ఫోన్‌లోంచి కాక ఆఫీసు కంప్యూటర్లోంచి కొట్టింది ఇదీ: "వెధవా, పోయినేడు నువ్వు తెచ్చినది వైనా వెనిగరా? స్తామెన దాంతో ఊరగాయ పెట్టింది. ఈసారి ఆ పీపా ముట్టుకోకు."

యంత్రం దాన్ని అందుకుంది. అవతలికి వెళ్ళింది, ఆలస్యంగా పంపినవాటిలో ఆయన కంటపడింది ఇదీ: "గౌరవనీయులైన స్వెతోలిక్ గారికి. ఆదివారం మా గృహంలో జరగబోయే వేడుకకు తమరిని సాదరంగా ఆహ్వానిస్తున్నాము. గత సంవత్సరం తమరు అందించిన పానీయానికి కృతజ్ఞతలు. ఈసారి తమరు ఏమీ తీసుకురానవసరం లేదని మనవి." దానికింద ఆ గురువారం ముక్క.

పిలవడం ఒక చెప్పుదెబ్బ. వైను వద్దనడం రెండోది.

లోపల యెలిసావెత గొంతు కొంచెం తగ్గింది. ఆఫీసు పెద్ద ఆవిడ, ముప్ఫై ఆరేళ్ళుంటాయి, చెడ్డది కాదు. "స్లావకి పిలవరని నాకు తెలీదా అండీ? మా ఇంట్లోనూ ఉంది. ఆ మెయిల్ నేను చదవలేదు."

"మరెవరు చదివారు?"

"ఎవరూ చదవరు. రోజుకి నాలుగొందలు వెళ్తాయి. ఎవరూ చదవక్కర్లేదనేగా అది పెట్టింది!"

తర్వాత రాతోమీర్ బయటికొచ్చి వుకాషిన్ చేతిలోంచి ఒక కప్పు తీసుకున్నాడు.

"విన్నావా?"

"విన్నా బాబాయ్."

"చల్లారిపోయింది," అన్నాడాయన, తాగకుండానే.

ఆదివారం మధ్యాహ్నం వుకాషిన్ వాళ్ళింటికి వెళ్ళాడు. మూడేళ్ళ కిందట ఒకసారి పిలిచారు, అప్పటినుంచీ వెళ్తున్నాడు. వాకిట్లోనే స్తామెన పంచదారా అక్రోటుపొడీ కలిపిన ఉడికించిన గోధుమలు ఒక చెంచా నోట్లో పెట్టింది. మైనపొత్తి వెలుగుతోంది. క్యాబేజీ చుట్టలు, వేపిన పంది, కోసిన పండగ రొట్టె, బల్లచుట్టూ పద్నాలుగు మంది. స్లావ నాడు ఇంటి యజమాని కూర్చోడు. రాతోమీర్ కుర్చీల వెనకాల తిరుగుతూ గ్లాసులు నింపుతున్నాడు. పునీతుడి పటం కింద ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు కంచం తుడిచిపెట్టి ఉంది. వచ్చినవాళ్ళెవరూ ఆ కుర్చీ గురించి అడగలేదు. అందరూ చూశారు, చూసి క్యాబేజీ వైపు తిరిగారు.

"కూమ్‌కి వంట్లో బాలేదా?" అంది చివరికి ఒక మేనత్త.

"తోటలో పని," అన్నాడు రాతోమీర్.

"నవంబరులో ద్రాక్షతోటలో ఏం పనిరా?"

"తినత్తా, తిను."

మూడవుతుండగా ఆయన వుకాషిన్ మోచెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్ళాడు. క్యాబేజీ పీపా, ఊరగాయ సీసాలు, పులుపు వాసన. ఆయన ఫోను తీసి అతని మొహం ముందు పెట్టాడు.

"చదువు. గురువారం వచ్చింది."

వుకాషిన్ చదివాడు. "తమ ఆత్మీయ ఆహ్వానానికి హృదయపూర్వక ధన్యవాదాలు. ముందుగా నిశ్చయమైన కార్యక్రమాల వల్ల హాజరు కాలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. వేడుక విజయవంతం కావాలని ఆకాంక్షిస్తున్నాము." కింద స్వెతోలిక్ పేరు.

ముప్ఫై ఏళ్ళుగా వెధవా అంటే వెధవా అనుకున్న ఇద్దరు ముసలాళ్ళు, ఇద్దరి నోళ్ళూ ఎవరో కడిగేసినట్టు.

"ఇది వాడు రాశాడా?" అన్నాడు రాతోమీర్. "ఆకాంక్షిస్తున్నాము అన్న మాట వాడికి పుట్టి బుద్ధెరిగాక తెలీదు. వాడి మనవరాలి ఫోన్‌లోనూ ఈ దెయ్యం ఉందిట. వాడు తిడుతూ చెప్పింది ఇలా అయిందా? లేకపోతే నిజంగానే నాకు నీళ్ళొదిలేసి, దీనిచేత రాయించాడా? ఏదో తెలిస్తే ఏడ్చేవాణ్ణో పోట్లాడేవాణ్ణో. ఏ ఏడుపూ రావట్లేదురా, రోత పుడుతోంది."

"ఫోన్ చెయ్యలేకపోయారా?"

"చేసి ఏమనను? రా అననా? అదేగా నేను చేసిన తప్పు! మళ్ళీ పిలవనా?"

వుకాషిన్ తలదించుకున్నాడు. "బాబాయ్, ఆ ఉత్తరాలు దానికి నేర్పింది నేనే. మీవన్నీ."

"తెలుసులే. పెట్టెలు మోసి నీ నడుం పట్టేసింది కూడా గుర్తుంది." ఆయన గొంతులో జాలి లేదు, కోపమూ లేదు. అవతల ఎవరో గ్లాసు నింపమని కేకేశారు. ఆయన వస్తున్నానని అరిచి, కదల్లేదు. "మైనపొత్తి కాలుతుండగా నేను గడప దాటకూడదు. లేకపోతే నేనే పోయేవాణ్ణి. ఎన్ని గ్లాసులు తాగావు?"

"ఒక్కటీ లేదు. కాఫీయే."

"కారు?"

"బయటుంది."

"అయితే విను. అలెక్సాండ్రొవాత్స్ వెళ్ళు, ముప్పావుగంట. వాడి గేటు ముందు ఆపి, చుట్టుపక్కలవాళ్ళు తిట్టుకునేదాకా హారన్ కొట్టు. బయటికొస్తాడు. రమ్మని మాత్రం అనకు, చచ్చినా అనకు. క్షమాపణలూ వద్దు, యంత్రం గురించి కథలూ వద్దు. నా మాటగా ఒక్కటే చెప్పు: 'ముసలి గాడిదా, పొద్దుట్నుంచీ నిలబడి నా కాళ్ళు వాచాయి, పంది మాడింది, మా అత్త నన్ను నిలదీస్తోంది, అన్నిటికీ కారణం నువ్వే.' ఇంతే. దీన్ని బాగుచెయ్యకు, మెత్తబరచకు, ఒక్క ముక్క కూడా. వాడు తిరిగి తిట్టాడో, నువ్వేం మాట్లాడకుండా కారు తలుపు తెరువు. తిట్టకుండా మర్యాదగా మాట్లాడాడనుకో... ఒరేయ్ వుకాషిన్, నీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చేసి వాడిచేత నన్ను తిట్టించు."