దసరాకు దులిపేసిన చిట్టా

మొన్న కామారెడ్డిలో మా పాత పెద్దసారుకు శాలువా కప్పారు, మన ప్రాంతానికి కంప్యూటర్లు తెచ్చిన మహానుభావుడట. మౌసును నల్లిని నలిపినట్టు నొక్కే ఆ మనిషి గురించి పొగడ్తలు వింటుంటే నవ్వు కూడా రాలేదు, కడుపు మండింది.

పింఛను వచ్చే బీడీ కార్మికుల పేర్లన్నీ రిజిస్టర్లలోంచి కంప్యూటరుకు ఎక్కిన రోజులు మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ పేర్లుండే సర్వరును ఎల్లారెడ్డి ఆఫీసులో నేనే చూసుకునేవాణ్ణి. ఎవరు ఏ పేరు చేర్చారో, ఎవరు తీసేశారో అది తనంతట తానే ఒక లాగులో, అంటే చిట్టాలో, రాసుకునేది. అందులో ఏమేం రాయాలో, ఎన్నాళ్లు దాచాలో సెట్టింగులు పెట్టడం నా పని, పొద్దున్నే వచ్చి దాన్ని చదువుకోవడం నా మురిపెం.

గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన! దసరా పూజకు ఆఫీసంతా దులిపిస్తున్న పెద్దసారు, చిట్టాతో డిస్కు నిండిందని నేనన్న ఒక్క మాట పట్టుకుని, "పండుగకు ఇండ్లు దులుపుకుంటలేమా? గా చెత్తంత తీసేయ్, మల్ల రాయకుంట బంద్ చెయ్" అన్నాడు. పాతది వేరేచోట దాచి, పేర్ల మార్పులు మాత్రమే రాసేలా సెట్టింగు తగ్గిస్తే సరిపోతుందని నాకు తెలుసు. అయినా నోరు మెదపకుండా అంతా తుడిచేసి, ఆపేసి, సర్వరుకు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టాను.

పండుగ వెళ్లాక నాగిరెడ్డిపేట బస్సు దిగి ఒక అవ్వ వచ్చింది. బతుకంతా బీడీలు చుట్టిన ఆమె పేరు పింఛను జాబితాలోంచి మాయమైంది. అంతకుముందు ఉండేదని నాకు బాగా తెలుసు, కానీ ముందు ఉండి తర్వాత ఎవరో తీసేశారని రుజువు చూపితేనే మళ్లీ ఎక్కిస్తామన్నారు పైవాళ్లు.

"మిషన్ల అంత రాసుంటది అన్నవు గద బిడ్డా, జర చూడు" అంది.

పెద్దసారు తలెత్తకుండానే ఆమె పేరు ఎన్నడూ లేదని తేల్చేశాడు. ఆ రుజువును నేనే తుడిచేశానని చెప్పకుండా గోడకేసి తిరిగాను, ఆయనకంటే నేనేం తక్కువ తిన్నాను? అవ్వ తన బొటనవేలు చూసుకుని, "నేనే యాడ్నో వేలిముద్ర తప్పు పెట్టిన కావచ్చు" అని, నన్ను ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు చిట్టాను ఆపబోతే, ఆపినవాడి పేరు కూడా అందులో పడుతుందట. మనిషిని నమ్మే కాలం పోయిందని మా ఈడువాళ్లు తెగ బాధపడుతుంటారు. నాకా బాధ లేదు. ఆ అవ్వ నమ్మింది నన్నే.