మధ్యాహ్నం తెరుచుకునే రిపోర్టు

కోరుట్లలో నా రక్తపరీక్షల ల్యాబ్ సర్వర్ పాతబడింది. దాని సాఫ్ట్‌వేర్‌కు ఇక అప్‌డేట్లు రావన్నారు. డేటాబేస్ మొత్తాన్ని కొత్త వెర్షన్‌లోకి మార్చడానికి సిరిసిల్ల నుంచి ఒకతన్ని పిలిపించాను. జగిత్యాలలో ఏదో ల్యాబ్ నుంచి పేషెంట్ల ఫోన్ నంబర్లు బయటికి పోయాయని అప్పటికే విని ఉన్నాను. అందుకే ఆ ఆదివారమంతా అతని పక్కనే కూర్చున్నాను. చాయ్‌కి కూడా లేవలేదు.

"నా మీద నమ్మకం లేదా మేడం?" అని నవ్వాడు.

"అట్లేం లేదు. ఊకెనే చూస్తున్న," అన్నాను. అబద్ధం.

పాతదానిలో లేని సంగతి ఒకటి కొత్తదానిలో ఉంది. ఎవరు ఏ రిపోర్టు తెరిచారో అది రాసిపెడుతుంది. వారం తర్వాత చూస్తే, ఒకే పేషెంటు రిపోర్టులను అడ్మిన్ పేరుతో ఎవరో రోజూ మధ్యాహ్నం తెరుస్తున్నారు. నేను భోజనానికి ఇంటికి వెళ్ళే వేళ అది. పాస్‌వర్డ్ నాకూ అతనికీ తప్ప తెలియదనుకున్నాను. ఆ పేజీ ప్రింటు తీసుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

ప్రింటు ముందు పెట్టి ఇదేంటని అడిగితే అతను కోపం తెచ్చుకోలేదు. "గీ నంబరు చూడుండ్రి మేడం. గిది మీ కౌంటర్ మీదున్న కంప్యూటర్‌ది. నేను ఈడికెల్లి తెరిస్తే వేరే నంబరు అస్తది. పాత పాస్‌వర్డే ఉంచుమన్నరు గదా. గది మీ దగ్గర ఇంకెవలకన్న ఎరుకేమో?"

తప్పైందని చెప్పకుండానే ప్రింటు మడుచుకుని బస్టాండుకు నడిచాను. తిరుగు బస్సులో నా అనుమానం కౌంటర్ దగ్గరి ఆమె మీదికి మళ్ళింది. ఎనిమిదేళ్లుగా నా దగ్గర పనిచేస్తోంది, నేను పాస్‌వర్డ్ కొడుతుంటే ఎప్పుడో చూసే ఉంటుంది. ఆ రిపోర్టులు ఎవరికి చేరవేస్తోంది?

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పోలేదు. ఆమె కౌంటర్ కంప్యూటర్ ముందు ఉండగా వెనకనుంచి వెళ్ళి నిలబడ్డాను.

"ఎవరిదమ్మా అది?"

ఆమె ఉలిక్కిపడింది కానీ స్క్రీన్ మూయలేదు. "మా అక్కది మేడం. ఇంటి జాగ లొల్లిల మా ఇద్దరికి మాటలు బందయినయ్. షుగర్ మస్తు పెరిగింది. మల్ల పరీక్ష చేయించుకున్నదా లేదా అని రోజు చూస్త. నాకెవలు చెప్తరు?"

నమ్మాను. అయినా ఆ పూటే పాస్‌వర్డ్ మార్చాను. "అక్కదే కావచ్చు, ఆమెను అడగకుండ చూడొద్దు," అంటే తలూపింది. సిరిసిల్ల అతనికి ఫోన్ చేసి, "మిమ్మల్ని తప్పుగ అనుకున్న," అని చెప్పాను.

రెండు వారాలకు ఆమె సగం రోజు సెలవు అడిగింది. "అక్కింటికి పోతున్న," అంది. నిజంగానేనా అని ఒక్క క్షణం అనిపించి, నాకే సిగ్గేసింది. తెల్లారి వచ్చి తనే చెప్పింది: అక్క తలుపు తీసిందట, కూర్చోమని మాత్రం అనలేదట.