బండి ర అసలు పేరు

బొమ్మల పుస్తకాలు అచ్చువేసే ఆ ఆఫీసులో ప్రోగ్రామరును అందరూ పేర్ల మాస్టారు అంటారు. కీబోర్డులో లేని గుర్తు ఏది కావాలన్నా ప్రోగ్రాముకు దాని పూర్తి ఇంగ్లీషు పేరు చెప్పి రప్పిస్తాడు. కంప్యూటర్లో ప్రతి గుర్తుకూ ఒక నంబరుంటుంది, అది కొడితే చిటికెలో వస్తుంది కదా అంటే, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "మీ మామయ్యను ఇంటి నంబరుతో పిలుస్తారా?" అంటాడు.

ఆ రోజు పన్నెండింటికల్లా పిల్లల అక్షరమాల ప్రెస్సుకు వెళ్లాలి. చూస్తే బండి ర, అదే ఱ, ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. మాస్టారు ఇంగ్లీషు అక్షరాల్లో "బండి ర" అని కొట్టాడు. అలాంటి పేరు లేదంది ప్రోగ్రాము. "శకట రేఫం" అని గౌరవంగా పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. పదకొండూ యాభై అయింది.

"నంబరు నాకు తెలుసు, చెప్పనా గురువుగారూ?" అంది పక్క సీటు అమ్మాయి.

"వద్దమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ప్రూఫులు దిద్దే పెద్దావిడ తలెత్తకుండానే, "అవి మనం పిలుచుకునే పేర్లు బాబూ. కంప్యూటరు రికార్డులో దాని పేరు ఏమని రాశారో నంబరిచ్చి ఆ ప్రోగ్రామునే అడుగు," అంది.

మాస్టారు గొంతు తగ్గించాడు. "ఆ నంబరేదో చెప్పమ్మా."

నంబరివ్వగానే పేరు బయటపడింది: తెలుగు లెటర్ ఆర్ ఆర్ ఏ. మాస్టారు నంబరు చెరిపేసి, ఆ పేరును తీరిగ్గా కొట్టాడు. బండి ర వచ్చి గడిలో కూర్చుంది.

"చూశావా," అన్నాడు అమ్మాయితో, "పేరు పెట్టి పిలిస్తే ఎలా వచ్చిందో."