రాయమల్లు కట్టించుకున్న కట్టు

గోదావరిఖని గనుల్లో రాయమల్లును ఎరగనివాడు లేడు. సేఫ్టీ వీక్ వచ్చిందంటే ప్రథమ చికిత్స పోటీలో కప్పు అతనిదే. కాలు విరిగినవాడికి రెండు నిమిషాల్లో కట్టు కడతాడు. విరగనివాడు దొరికినా వదలడు, కట్టి చూపిస్తాడు. తనకు తెలియని జబ్బంటూ లేదని అతని గట్టి నమ్మకం.

మొన్న చలికాలంలో ఓరోజు పొద్దున ఆరింటికి, మొదటి షిఫ్టుకు వెళ్లబోతూ టీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. చెయ్యి లేపబోతే లేవలేదు.

ఎదురుగా ఉన్న భార్య లస్మవ్వ అతని ముఖం చూసి బెదిరిపోయింది. "నీ మూతి ఒక దిక్కు జారింది. మాట గూడ ముద్దముద్దగ వస్తుంది. 108కు ఫోన్ చేస్త. మా రాజం కాకకు గిట్లనే అయితే జల్ది దవాఖానకు తీస్కపోయిన్రు, చెయ్యి మళ్ల వచ్చింది. ఆలస్యమైతే చెయ్యి, మాట రెండూ పోతయట."

"నువ్వేమన్న డాక్టరువా?" అన్నాడు రాయమల్లు, సగం మాటలు మింగుతూ. "పదేండ్ల సంది కప్పు ఎవలకొస్తుంది? చెయ్యి బెణికింది, గంతే. గా మూడు మూలల బట్ట పట్టుకరా."

తెచ్చింది పిచ్చి తల్లి. అతను చెప్పినట్టే మెడకు జోలె కట్టి చెయ్యి అందులో పెట్టింది. ముడి సరిగా పడలేదని విప్పించాడు. మోచెయ్యి కిందికుందని మళ్లీ విప్పించాడు. మూడోసారికి పోటీకి పంపదగ్గ కట్టు కుదిరింది. తలలో రక్తనాళానికి గడ్డ అడ్డుపడి మెదడు నిమిషనిమిషానికీ చస్తుంటే, ఈ మహానుభావుడు రోగికి విశ్రాంతి ముఖ్యమని దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. లస్మవ్వ ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

పదకొండింటికి లేవబోతే కుడికాలు కూడా కదలలేదు. అప్పుడు ఎవరినీ అడగకుండా ఆమె 108కు ఫోన్ చేసింది.

దవాఖానలో స్కానింగ్ అయ్యాక డాక్టరు అడిగాడు, ఎప్పుడు మొదలైందని.

"పొద్దుగాల ఆరింటికి సారూ."

"పన్నెండు దాటిందమ్మా. నాలుగున్నర గంటల్లోపే తెస్తే గడ్డ కరిగే ఇంజెక్షన్‌కు అవకాశం ఉండేది. ఎంత ముందైతే అంత మేలు."

చెయ్యి రాలేదు. మాటా సరిగా రాలేదు.

ఈసారి సేఫ్టీ వీక్‌లో రాయమల్లును స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టి, మైకు లస్మవ్వకు ఇచ్చారు.

"మూతి వంకర వోయినా, చెయ్యి లేవకున్నా, మాట తడబడ్డా కట్లు కట్టకుండ్రి, పండుకోనియ్యకుండ్రి. ఎమ్మటే ఫోన్ చెయ్యుండ్రి. మొగడు వద్దన్నా సరే."

రాయమల్లు పక్కనుంచి ఏదో అన్నాడు. ఏమంటున్నాడని ముందు వరుసలో ఎవరో అడిగారు.

"సమజైతలేదు," అంది లస్మవ్వ. "ఆ పొద్దు గూడ సగమే సమజైంది. అయినా ఈయన మాటే ఇన్న."