నేను వేసిన ‘కనిపించుట లేదు’ పోస్టరు

మొన్న ఏదో పని మీద ఫిల్మ్‌నగర్ వెళ్లి, అక్కడే డిజైనర్‌గా చేస్తున్న మా తమ్ముడి కొడుకును చూద్దామని వాడి ఆఫీసు మెట్లెక్కాను. కొత్త సినిమా ప్రచారానికి అచ్చం టీవీ వార్తలా ఒక బొమ్మ తయారుచేసి, "ఎట్లుంది పెద్దనాన్నా, అందరు నిజమే అనుకుంటరు గదా?" అని మురిపెంగా అడిగాడు. అది చూసి నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. ఒంట్లో బాగాలేదనుకుని వాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సినిమా ప్రచారమంతా గోడల మీదే. కుంచె వదిలి కొత్తగా కంప్యూటరు పట్టిన నేను, నేర్చిన విద్యంతా ఎక్కడ చూపిద్దామా అని ఉబలాటపడుతూ జూబ్లీహిల్స్‌లో ఒక పబ్లిసిటీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఒకనాడు ప్రొడక్షన్ మేనేజరుగారు వచ్చి, "అచ్చం నిజం నోటీసులా ఉండాలండీ, సినిమా పేరు వారం తర్వాత వేద్దాం" అన్నారు. మధురానగర్‌లో ఉండే మా అక్కను అడిగి ఆరేళ్ల మేనకోడలి ఫొటో తెచ్చాను. కూతురి బొమ్మ సినిమా పోస్టరు మీద వస్తుందని అక్క సంబరపడింది; దాని కింద ఏం రాయబోతున్నానో మాత్రం నేను చెప్పలేదు. ‘ఈ పాప కనిపించుట లేదు’ అని రాసి, కన్నవాళ్లు కంగారులో వేయించినట్టుండాలని నాసి కాగితం ఎంచి, అక్షరాలు కాస్త వంకరగా పెట్టి, నా పనితనానికి నేనే పొంగిపోయాను.

మూడోనాడు మధ్యాహ్నం ఆఫీసుకు అక్క ఫోను. ఏడుపులో మాట సరిగా రావడంలేదు. "తమ్మీ, బోరబండల ఆయమ్మను కొడుతున్నరట, పాపను ఎత్తుకపోతున్నదని!" ఆయమ్మ అంటే పాపను రోజూ బడి నుంచి తీసుకొచ్చే మనిషి, ఆ రోజు తన ఇంటికోసారి వెళ్లొద్దామని పాపను వెంటబెట్టుకుని వెళ్లిందట.

స్కూటరు మీద ఎలా చేరానో తెలియదు. బోరబండ రైల్వే స్టేషను దగ్గర గుంపు, నడుమ నేలమీద ఆయమ్మ, నుదుటి నుంచి రక్తం. పాప ఆమె మెడ కరుచుకుని వెక్కుతోంది. గోడ మీంచి చించిన నా పోస్టరును ఒకడు చేత్తో ఊపుతున్నాడు. అది సినిమాకోసం చేసిందనీ, చేసింది నేనేననీ అరిచాను.

"ఉత్తదైతే గోడలకెందుకు అంటిస్తరు? నువ్వు గూడ దీనితోటి ఉన్నవా?" అని ఒకడు నా కాలరు పట్టుకున్నాడు. ఎంత చెప్పినా నమ్మరు. ఆ కాగితాన్ని నమ్మకుండా ఉండలేనంత బాగా చేసింది నేనే కదా. కానిస్టేబులూ, వెనకే ఆటోలో అక్కా వచ్చి, పాప "అమ్మా" అని పరుగెత్తాకగానీ గుంపు కరగలేదు.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకున్నాక ఆయమ్మ నన్ను అడిగింది: "నాకు సదువు రాదు సారూ. గా కాయితంల ఏం రాసిండ్రు?" చదివి వినిపించాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ మా అక్క ఇంటికి పనికి రాలేదు. పాప చాలాకాలం బడికి పోనని ఏడ్చేది.

మేనేజరుగారు మాత్రం ఊరంతా మన పోస్టరు గురించే మాట్లాడుకుంటోందని సంతోషించారు. నేను ఆ ఉద్యోగం మానేశాను. బకెట్టుతో నీళ్లు పట్టుకుని షేక్‌పేట దాకా గోడలు తడిపి తడిపి, దొరికిన ప్రతి పోస్టరూ గీకేశాను. గీకుతుంటే ఎవరో పెద్దాయన, "పాప దొరికిందా బిడ్డా?" అని ఆశగా అడిగాడు.

ఆ కాలంలో అలాంటి కాగితం కనబడితే దారినపోయేవాళ్లు ఆగి, పిల్ల రంగు, ఎత్తు, తొడుక్కున్న గౌను అన్నీ చదివి మనసులో పెట్టుకునేవారు. ఇప్పుడు ఎవరూ ఆగరు, ఏ సినిమావాళ్లదో అనుకుని ముందుకు పోతారు. రేపు నిజంగానే ఒక పిల్ల తప్పిపోతే, వెతకడానికి ఎవరున్నారు అనే భయం నన్ను వదలడంలేదు. ఆగి చదివే ఆ మనుషుల్ని పోగొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.