నీళ్ళ కుండకు తొంభై ఎనిమిది

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజరుగా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. సూపర్‌వైజరంటే పెద్ద కుర్చీ అనుకోవద్దు. పైన డాక్టరుగారు, కింద ఏఎన్ఎంలు, వాళ్ళ కింద ఊరికొక ఆశా కార్యకర్త, నడుమ నేను. పైవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పాలి, కిందివాళ్ళు చెప్పనిదాన్ని కనిపెట్టాలి. పురిటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఆశా కార్యకర్త వెళ్ళి బరువు, పాలు తాగే తీరు, బొడ్డు, ఒంటి వేడి చూసి రావాలి. వెళ్ళిందో లేదో, చూసిందో లేక చూసినట్టు చెప్పిందో తేల్చడం నా వంతు.

ఒకరోజు పొద్దున్నే మా కేంద్రం కిందున్న ఒక ఊరి ఆశా కార్యకర్త తులసి ఫోను చేసింది. "మేడమ్, మా స్వాతి పాపకి రోజూ పొద్దున్న జొరం వత్తంది. ఆటో కట్టించి ఆస్పత్రికి తెచ్చేసరికి పోతంది. ఏటి సెయ్యమంతారు?" అంది.

నిజమే, అప్పటికే ఆ బిడ్డను రెండుసార్లు తెచ్చారు. రెండుసార్లూ డాక్టరుగారు చూశారు, రెండుసార్లూ జ్వరం లేదు. పాప చక్కగా పాలు తాగుతోంది, చేతులూ కాళ్ళూ ఆడిస్తోంది. రెండోసారి వచ్చినప్పుడు పిల్ల నాయనమ్మ గవర్నమెంటు థర్మామీటర్లు ఎలా ఉంటాయో తమకు తెలియనిదా అన్నట్టు మాట్లాడిందట. డాక్టరుగారు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆవిడతో ఏమీ అనలేదు. నన్ను పిలిచి, ఆ ఇంటికి ఒకసారి మీరే వెళ్ళి రండి మేడమ్ అన్నాడు.

సాయంత్రం వెళ్ళాను. కొబ్బరి తోటలో పెంకుటిల్లు. పెరట్లో ఎండబెట్టిన జీడిపిక్కలు, వాటికి కాపలాగా ఒక కుక్క. ఇంటి యజమానురాలు గున్నమ్మ. భర్త పోయాక తోట తనే చూసుకుంటోంది. స్వాతి ఆవిడ ఒక్కతే కూతురు, తొలి పురుడు కాబట్టి పుట్టింటికి వచ్చింది. పాపకు రెండో నెల నడుస్తోంది. స్వాతి భర్త ఢిల్లేశ్వరరావు మిలటరీలో జవాను. బిడ్డను చూసి, సెలవు అయిపోయి, సరిహద్దుకు వెళ్ళిపోయాడు. అతని తల్లి దాలమ్మ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్ళమీద మేస్త్రీ. మనవరాలిని చూసి పోతానని వచ్చిన మనిషి, జ్వరం పేరు చెప్పి అక్కడే మకాం పెట్టింది.

దాలమ్మ వట్టి చేతులతో రాలేదు. కరోనా రోజుల్లో ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటరు ఒకటి ఉండేది. ఆ పని ఆవిడకే అప్పజెప్పారు. ఎంతమందిని గేటు బయటే ఆపి ఇంటికి పంపించిందో ఆవిడ చెబుతుంటే, సగం పలాస తన తుపాకీకి లొంగిందేమో అనిపించింది. కరోనా పోయాక అది మూలన పడింది. యజమానిని అడిగి మనవరాలి కోసం తెచ్చుకుంది.

గున్నమ్మ దగ్గర పాత గాజు థర్మామీటరు ఉంది. భర్త కళ్ళజోడు డబ్బాలో దూది పరిచి, అందులో పడుకోబెట్టి భద్రంగా దాచింది. తుపాకీ రోజూ పొద్దున్న నూట ఒకటి అంటోంది. గాజుది రోజూ తొంభై ఎనిమిది అంటోంది. వియ్యపురాళ్ళిద్దరూ ఎవరి పరికరం పక్షాన వాళ్ళు నిలబడ్డారు.

నేను ఉండగానే అల్లుడి వీడియో కాల్ వచ్చింది. "అమ్మా, ఎంతుంది?" అన్నాడు. "నూటొకటి నాన్నా," అంది దాలమ్మ. "అత్తా, ఎంతుంది?" "తొంబై ఎనిమిది బావూ. పిల్ల సుబ్బరంగా ఉన్నాది," అంది గున్నమ్మ. ఆ జవాను, మా దగ్గర ఇద్దరు సెంట్రీలు ఇలా రెండు మాటలు చెబితే ఇద్దరికీ పనిష్మెంటు ఇస్తారని విసుక్కుని పెట్టేశాడు.

దాలమ్మ నా వైపు తిరిగింది. "సూడండి మేడమ్, ఈ ఉద్దానం నీలు పడక పిల్ల ఒల్లు కాగిపోతంది. ఇక్కడ కిడ్నీలు పోతన్నాయని లోకమంతా సెప్పుకుంతన్నారు. మా పలాసలో టిన్ను నీలు తాగుతాం. ఆదివారం ఆటో కట్టించుకుని తల్లినీ పిల్లనీ తీసుకెల్లిపోతాను."

గున్నమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "నీలు తాగేది పిల్ల కాదు వదినా, తల్లి పాలు తాగతంది. మూడో నెల ఎల్లకుండా కూతుర్ని పంపించేత్తే ఊరోల్లు నన్నేటంతారు?"

ఇద్దరి మధ్యా స్వాతి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల వంచుకు కూర్చుంది. ఎవరూ ఆ పిల్లను అడగలేదు. నేను వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది. "అక్కడ అత్త ఫ్యాక్టరీకెల్లిపోతాది మేడమ్. పగలంతా నానొక్కదాన్నే. పిల్ల ఏడిత్తే ఎందుకేడిత్తందో కూడా నాకు తెలవదు. ఇంకో నెల అమ్మ దగ్గిరుంతాను. ఆ జొరమేటో మీరే తేల్చీయండి." నాకు జాలేసింది, ఒళ్ళు మండింది కూడా. ఇద్దరు పెద్దవాళ్ళు చేసే అంకెల యుద్ధంలో ఈ పిల్ల నెగ్గేదెలా?

తులసిని నిలదీశాను. ఆశా కిట్టులో డిజిటల్ థర్మామీటరు ఉండాలి కదా అంటే, దాని బ్యాటరీ కరోనాతోపాటే పోయిందట. చెయ్యి పెట్టి చూశానని చెప్పింది. నా చూపు చూసి మర్నాటికి బ్యాటరీ వేయించింది.

జ్వరం రోజూ పొద్దున్నే వస్తోంది కాబట్టి, పొద్దున్న ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి. మర్నాడు స్నానం వేళకు వెళ్ళాను. గున్నమ్మ పీటమీద కూర్చుని, కాళ్ళు చాచి, పాపను వాటిమీద బోర్లా పడుకోబెట్టింది. నూనె మర్దనా, నలుగు, చెయ్యి పెట్టలేనంత వేడికి కొంచెం తక్కువగా నీళ్ళు. తుడిచాక దాలమ్మ అందుకుంది. కుంపటి నిండా కొబ్బరి చిప్పల నిప్పులు, వాటిమీద సాంబ్రాణి. పొగలో పాపను అటూ ఇటూ తిప్పింది. తర్వాత నిప్పులకు అరచెయ్యి కాచుకుని బిడ్డ పొట్టకు, వీపుకు, మాడుకు, నుదుటికి ఒత్తసాగింది. బయట ఉద్దానం ఎండ, లోపల కుంపటి. దూరంగా కూర్చున్న నాకే చెమటలు కారుతున్నాయి. ఈ పని మాత్రం వియ్యపురాళ్ళు ఒక్క పొల్లు మాట లేకుండా, జోడెడ్లలా కలిసి చేశారు.

అంతా అయ్యాక దాలమ్మ లేచి, చేతులు తుడుచుకుని, తుపాకీ తీసి, నుదుటికి గురిపెట్టింది. టిక్కుమంది. "నూటొకటి! సూసినారా మేడమ్?"

చూశాను. తుపాకీ ఇలా ఇవ్వమన్నాను. కుంపటి పక్కనే కూర్చున్న గున్నమ్మ నుదుటికి పెట్టాను. నూట రెండు.

"ఓలమ్మో, నాకేటయినాది? ఇప్పుడే కదా గంజి తాగినాను!" అని గున్నమ్మ గుండెలమీద చెయ్యి వేసుకుంది.

దాలమ్మకు పెట్టాను. నూట ఒకటిన్నర. ఆవిడ తుపాకీని, నన్ను, మళ్ళీ తుపాకీని చూసింది. "నాకా? నాకు జొరమేటి? సుట్టుపక్కల నాలాటి గట్టి మనిసి ఉన్నాదా?" అంది. ఈ లెక్కన ముందు మీరిద్దరూ మాత్ర వేసుకుని పడుకోవాలి అన్నాను. తులసి నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయింది.

వివరం చెప్పాను. ఆ తుపాకీ చర్మం పైన ఉన్న వేడినే చూస్తుంది. నుదురు నిప్పుకు కాగితే నిప్పు వేడి చెబుతుంది, చెమట పట్టి చల్లబడితే తక్కువ చెబుతుంది. గేటు దగ్గర వందమందిని గబగబా దాటించడానికి అది పనికొస్తుంది, పసిబిడ్డకు జ్వరం ఉందో లేదో తేల్చడానికి కాదు. కుంపటి తీయించి, గాలి ఆడే చోట పాపను పడుకోబెట్టి, కాసేపు ఆగి మళ్ళీ గురిపెట్టాం. జ్వరం మాయమైంది. ఆటో ఎక్కి ఆస్పత్రికి వచ్చేలోపు రోజూ పోయిన జ్వరం ఇదే. వేడి చేత్తో మాడు ఒత్తడం మానమని, పసివాళ్ళకు పొగ కూడా మంచిది కాదని చెప్పాను. పొగ సంగతి ఇద్దరూ కలిసికట్టుగా విననట్టు నటించారు.

గున్నమ్మ మొహం వెలిగిపోయింది. కళ్ళజోడు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "నాను మొదట్నించీ సెప్తన్నాను కదా మేడమ్, నా గాజుది అబద్దం ఆడదు." ఎలా పెడుతుందో చూపించమన్నాను. డబ్బాలోంచి తీసి, పాప చొక్కామీదుగా చంక దగ్గర ఒక్క క్షణం ఆనించి, పైకెత్తి చూసింది. తొంభై ఎనిమిది.

నేను దాన్ని తీసుకెళ్ళి మూలనున్న నీళ్ళ కుండలో ముంచాను. కాసేపుంచి తీసి ఆవిడకే ఇచ్చి చదవమన్నాను. గున్నమ్మ కళ్ళు చికిలించి, తిప్పి తిప్పి చూసి, నీరసంగా "తొంబై ఎనిమిది," అంది.

"అయితే కుండకీ జొరం నేదన్నమాట వదినా!" అంది దాలమ్మ. అప్పటిదాకా పోయిన పరువు ఆ ఒక్క మాటతో రాబట్టుకుంది.

గాజు థర్మామీటరులో పాదరసం ఒకసారి ఎక్కితే తనంతట తాను దిగదు. విదిలించి దించాలి. తర్వాత ఒంటికి ఆనించి కొన్ని నిమిషాలు ఉంచాలి. గున్నమ్మ విదిలించదు, ఉంచదు. ఆ తొంభై ఎనిమిది ఎప్పటిదని అడిగితే, ఆలోచించి, వాళ్ళాయనకు మలేరియా తగ్గినప్పటిదై ఉంటుందంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదు, ఆ గాజు గొట్టం లెక్కన. పైగా పగిలితే పాదరసం పసిపిల్లలున్న ఇంట్లో ప్రమాదం. దాన్ని డబ్బాతో సహా నేను పట్టుకుపోయాను, ఆస్పత్రి పద్ధతిలో వదిలించడానికి.

మరి ఏది కొనాలి? దాలమ్మ తనే కొంటానని నాతో కవిటి మందుల దుకాణానికి వచ్చింది. బాతు బొమ్మ ఉన్న చెవి థర్మామీటరును చూసి ముచ్చటపడింది. ఇంత చిన్న బిడ్డ చెవి రంధ్రం మరీ సన్నం, అది సరిగా కుదరదు అన్నాను. పాలపీక రూపంలో ఉన్నది చూపించింది. ఈ వయసు బిడ్డకు నోట్లో పెట్టేవి వద్దన్నాను. నుదుటికి అతికించే పట్టీ చూపించింది. అది మీ తుపాకీకి తమ్ముడు అన్నాను. చివరికి కొన మెత్తగా వంగే మామూలు డిజిటల్ది ఇప్పించాను. అన్నిటిలోకీ చవక. అంత చవకది తన మనవరాలికా అని దారంతా గొణిగింది.

ఇంటికొచ్చి పద్ధతి చెప్పాను. స్నానం చేయించిన వెంటనే వద్దు, ఒళ్ళు మామూలు అయ్యేదాకా ఆగాలి. చంక తడి లేకుండా తుడవాలి. కొన చంక నడుమ చర్మానికి ఆనాలి, చెయ్యి దగ్గరికి వంచి, కూత వచ్చేదాకా పట్టుకోవాలి. మూడు నెలలు నిండని బిడ్డకు నూటికి పైన చూపిస్తే ఇంట్లో చుక్కల మందు కాదు, ఆస్పత్రే. ఆఖరి మాట అందరూ వినేలా చెప్పాను. థర్మామీటరు స్వాతి పెట్టాలి, అంకె స్వాతి చెప్పాలి. వేరే ఎవరూ వద్దు.

ఆదివారం వచ్చి వెళ్ళింది. జ్వరం లేదు కాబట్టి ఆటో రాలేదు. దాలమ్మ మాత్రం సెలవు పొడిగించుకుని అక్కడే ఉంది. తుపాకీ కూడా ఉంది.

తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం స్వాతి ఫోను చేసింది. పొద్దుటి నుంచి పాప పాలు సరిగా తాగడం లేదట, మగతగా ఉందట. చంకలో పెడితే నూట ఒకటి. స్నానం లేదు, కుంపటి లేదు. కాసేపాగి మళ్ళీ పెట్టినా అదే. వెనక నుంచి అమ్మమ్మ, నాయనమ్మల గొంతులు వినిపిస్తున్నాయి. విచిత్రమేమిటంటే, జ్వరం విషయంలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాటమీద ఉన్నారు. తడిగుడ్డతో మొహం తుడిచి ఫ్యాను కింద పడుకోబెట్టిన పిల్ల నుదురు చల్లగా ఉంది. దాలమ్మ తుపాకీ తొంభై ఏడు అంటోంది. గాజుది లేకపోయినా గున్నమ్మ చెయ్యి వేసి చూసి లేదంటోంది. "ఇద్దరం పెద్దోల్లం నేదంతన్నాం. అంత సవక దాని మాట ఇంతావేటే?" అంటోంది దాలమ్మ.

"మేడమ్, వీల్లు నేదంతన్నారు. నాను ఉందంతన్నాను," అంది స్వాతి. మాట తడబడలేదు.

బయలుదేరు అన్నాను. అప్పటికే చెప్పులేసుకుని ఉన్నానంది.

డాక్టరుగారు చూసి, ఆలస్యం చేయకుండా రెఫరల్ రాసి అంబులెన్సులో టెక్కలి పెద్దాస్పత్రికి పంపించారు. నేనూ వెనకే వెళ్ళాను. పరీక్షల్లో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలింది. ఈ వయసులో అది తొందరగా రక్తంలోకి పాకుతుంది, వేళకు తెచ్చారు అన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ సాయంత్రం వార్డు బయట బెంచీమీద దాలమ్మ, గున్నమ్మ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. నాక్కూడా ఆ పూట వాళ్ళను ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

పాపకు తగ్గింది. ఇంటికి పంపే రోజు నేను వెళ్ళేసరికి వార్డులోకి ఒక కొత్త నర్సమ్మ తుపాకీ థర్మామీటరుతో వచ్చి, వరసగా నుదుళ్ళకు గురిపెడుతోంది. స్వాతి మంచం దగ్గరికి రాగానే దాలమ్మ లేచి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, అది గేటు కాడ పెట్టుకోవాల. పసిపిల్లకి సంకలో పెట్టాల. అదీ నువ్వు గాదు," అని కోడలి వైపు చూపించింది. "అదిగో, తల్లి పెట్టి సెప్తాది. రాసుకో."

స్వాతి పెట్టింది, కూత వచ్చేదాకా పట్టుకుంది, చెప్పింది. నర్సమ్మ రాసుకుంది. మూడో నెల నిండేదాకా కోడలిని పుట్టింట్లోనే ఉండమని దాలమ్మ అక్కడే, అందరి ముందూ చెప్పి, తను ఒక్కతే పలాస బస్సెక్కింది. తుపాకీ ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళింది.

పసిబిడ్డకు ఏ థర్మామీటరు మంచిదని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. చంకలో పెట్టే మామూలు డిజిటల్ది చాలు అంటాను. అది సగం జవాబు. ఇంట్లో ఒక్కటే ఉండాలి, దాన్ని ఒక్క మనిషే పెట్టాలి, ఆ మనిషి చెప్పిన అంకెను మిగతావాళ్ళు ఓట్లు వేసి మార్చకూడదు. పురిటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేను అంతకు ముందు థర్మామీటరు ఎక్కడుందని అడిగేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరి చేతిలో ఉందని అడిగాను.